నైసు శాసనం

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను అటూ ఇటూ చేసినా చేస్తాను. మా మేనత్త నాకు చెప్పినప్పుడు వరుస తప్పకుండానే చెప్పింది. ఆ వరుస ఇప్పుడు నా దగ్గర పూర్తిగా లేదు. మనుషులు ఉన్నారు, వాళ్ల మాటలు ఉన్నాయి. వాటిని పట్టుకుని నడుస్తాను.

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టడం మర్యాద. నిజానికి అది రాజ్యం కాదు, చింతలగట్టు అనే సంస్థానం. పొద్దున్నే గుర్రమెక్కినవాడు మధ్యాహ్నం భోజనం వేళకి అవతలి పొలిమేర దాటేసేవాడు. ఆ సంగతి రాజా గోవర్ధన బహద్దరు గారి ముందు ఎవరూ ఎత్తేవారు కారు. ఆయన దాన్ని రాజ్యమనే అనేవారు కాబట్టి మనమూ అలాగే అందాం.

ఆయన కొలువులో పేరిశాస్త్రి అని ఒక పండితుడు ఉండేవాడు. కవిత్వం చెప్పగలడు, చెప్పేవాడు కాదు. పంచాంగం చూడగలడు, చూసేవాడు కాదు. రాజుగారికి కోపం వస్తే ఎదురుగా కూర్చుని దాన్ని దించడం ఆయన ఉద్యోగం. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయన పక్కన కూర్చుని, నవ్వు ఆపుకోలేక దర్బారులోంచి లేచిపోయినవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

ఒక ఏడాది రాజుగారు చెన్నపట్నం వెళ్లి ఒక దొరగారి ఇంట తేనీటి విందుకు హాజరయ్యారు. పట్నం వెళ్లినవాళ్లు అద్దాలో గడియారాలో తెస్తారు. రాజుగారు ఒక మాట తెచ్చారు.

"శాస్త్రీ, దొరసానమ్మ తేనీరు తాగి ఏమందో తెలుసా? నైసు అంది. కిటికీలోంచి వాన చూసి నైసు అంది. నా తలపాగా చూసి నైసు అంది. నేను మన వంశచరిత్ర మూలపురుషుడి దగ్గర్నుంచి చెప్పాను. అంతా విని ఏమంది?"

"నిద్ర లేచాక నైసు అని ఉంటారు, ప్రభూ."

"నైసు అంది!" అన్నారు రాజుగారు. మొదటి ముక్క ఆయన చెవిన పడలేదు. "చూశావా ఆ పొదుపు! ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు, లోకాన్ని ఏలుతున్నారు. మనకో? అన్నం పొడిపొడిగా ఉందనాలి, పప్పు కమ్మగా ఉందనాలి, చీర నాజూగ్గా ఉందనాలి, పసివాడు బొద్దుగా ఉన్నాడనాలి. ఒక్కోదానికి ఒక్కో మాట. ఎంత దుబారా!"

రాజుగారి వెంట చెన్నపట్నం నుంచి అరుణాచలం మొదలియారు అనే దుబాసీ కూడా వచ్చాడు. దొరల మాట మనకీ మన మాట దొరలకీ చెప్పడం ఆయన పని. ఆయన తెచ్చిన నిఘంటువును ఇద్దరు మనుషులు మోసుకొచ్చి దర్బారు మధ్య దించారు. రాజుగారు సైగ చేస్తే దుబాసీ ఆ మాట ఉన్న పుట తీశాడు.

"ఇంపైనది అని ఒక అర్థం, ప్రభూ. రుచిగలది. మర్యాదగలది. దయగలది. నాజూకైనది. సూక్ష్మమైనది. ప్రతిదానికీ పట్టింపు గలది..." అని ఆగి దగ్గాడు.

"చదువు."

"పూర్వకాలంలో తెలివితక్కువది అని కూడా ఉండేదట. ఇప్పుడు వాడుకలో లేదు."

"మనకు దానితో పని లేదు," అన్నారు రాజుగారు.

పేరిశాస్త్రి ఆ అర్థాన్ని మనసులో ఒక మూల జాగ్రత్తగా దాచుకున్నాడు.

"ఈ మాటకు బదులు దొరలు వాడే మాటలు మరో పుట నిండా ఉన్నాయి, చదవమంటారా?" అన్నాడు దుబాసీ.

"మూసెయ్. నేను ఒకటి చాలంటుంటే నువ్వు పుటెడు తెస్తావేం?"

పేరిశాస్త్రి లేచాడు. "దుబాసీగారూ, చిన్న సందేహం. ఒక్క మాటకి ఇన్ని అర్థాలుంటే, అన్నవాడు ఏ అర్థంతో అన్నాడో విన్నవాడికి ఎలా తెలుస్తుంది?"

"మొహం చూడాలండీ," అన్నాడు దుబాసీ. "దొరలు ఆ మాట అన్నప్పుడు చెవికంటే కంటికే పని ఎక్కువ. కనుబొమ లేస్తే ఒకటి, పెదవి బిగిస్తే ఇంకొకటి."

"మొహం చూడాలి," అనుకుంటూ శాస్త్రి కూర్చున్నాడు.

మర్నాడు దండోరా వేశారు. ఇక మీదట దర్బారులో ఏ వస్తువు తీరు చెప్పాలన్నా, ఏ మనిషి తీరు చెప్పాలన్నా ఒకటే మాట, నైసు. నోరు జారి ఇంకో మాట అన్నవాడు చెక్క చేయని నిండు పోకకాయ బుగ్గన పెట్టుకుని, దర్బారు ముగిసేదాకా నోరు మెదపకుండా నిలబడాలి. రాజైనా సరే, బంటైనా సరే. ఈ చివరి ముక్క రాజుగారే స్వయంగా చేర్పించారు, గంభీరంగా ఉంటుందని.

"మరి బాగాలేనివాటిని ఏమనాలి, ప్రభూ?" అని అడిగాడు పేరిశాస్త్రి.

"నా రాజ్యంలో బాగాలేనివి ఏమున్నాయి?"

"చిత్తం. నైసు."

పోకకాయలున్న వెండి పళ్లెం పట్టుకుని నిలబడే పని పోలయ్యకు ఇచ్చారు. పోలయ్య కోట బంట్రోతు. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప అతనికి ఇంకో విద్య రాదు. ఒకసారి రాజుగారు "ఈ పూట ఎవరినీ లోపలికి రానీకు" అని చెప్పి, తోటలో పచార్లు చేసి తిరిగి వస్తే, పోలయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి వారిని కూడా రానివ్వలేదు. ఆ పూట రాజుగారు తోటలోనే భోంచేశారు.

శాసనం దర్బారుకే అన్నా భయం వంటింటిదాకా పోయింది. వంటవాడు ఒక రోజు పులుసులో ఉప్పు మరిచిపోయాడు. ఎలా ఉంది ఏలినవారూ అని అడిగాడు. రాజుగారు నోరు తెరిచి, మూసి, నైసు అన్నారు. వంటవాడు సంతోషించి ఆ రోజు నుంచి ఉప్పు మానేశాడు. రాజుగారు చప్పటి పులుసు తింటూ శాసనాన్ని నిలబెట్టారు. కోటలో భోంచేసే పేరిశాస్త్రి కూడా నిలబెట్టాడు, వేరే దారి లేక.

అలా ఉండగా రాజకుమారికి సంబంధం వచ్చింది.

రాజుగారికి ఒక్కతే కూతురు, నరసాయమ్మ. తల్లి లేని పిల్ల. పెళ్లికొడుకు కొండవాగు జమీందారుగారే. రెండు ఏనుగులున్న ఇల్లు. పైగా ఆయన కూడా దొరగారి తేనీటి విందుకు వచ్చినవాడే. రాజుగారు అక్కడే సగం మాట ఇచ్చేశారు.

ఇక్కడ ఆ సంస్థానపు ఆచారం ఒకటి చెప్పాలి, మరిచిపోతే కథ నిలవదు. కోట ఆడవాళ్లకు ఘోషా. పెళ్లికి ముందు పిల్ల పిల్లవాణ్ణి చూడడానికి లేదు. అందుకని నమ్మకమైన మనిషి ఒకడు పెళ్లికొడుకు ఊరు వెళ్లి, కొన్నాళ్లుండి, తిరిగి వచ్చి దర్బారులో దీపం ముందు నిలబడి చూసింది చెప్పాలి. పిల్ల తెర వెనక కూర్చుని వినాలి. ఊ అంటే ఆ పూటే తాంబూలాలు. ఊహూ అన్న పిల్ల అప్పటిదాకా లేదుగాని, అనే హక్కు మాత్రం ఉంది. చూసివచ్చినవాడు దీపం ముందు చెప్పేదాకా ఆ మాట ఎవరి చెవినా వేయకూడదు, పిల్ల చెవినైనా సరే. వేస్తే లంచం తిన్నవాడికిందే జమ. అలాగే అటునుంచి ఇంటి పెద్ద ఆడమనిషి ఒకతె వచ్చి, పిల్లను లోపల చూసి, అదే దర్బారులో చెప్పాలి.

వెళ్లమని పేరిశాస్త్రికి ఆజ్ఞ అయింది. బయల్దేరే ముందు నరసాయమ్మ కబురు పెట్టింది. ఆమెకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

"శాస్త్రిగారూ," అంది తెర వెనకనుంచి. "ఆస్తి సంగతి, అందం సంగతి నాన్నగారు కనుక్కుంటారు. మీరు మాత్రం మూడు చూసి రండి. పనివాళ్లతో ఎలా మాట్లాడతారో, దేనికి నవ్వుతారో, విస్తరి ముందు ఎలా కూర్చుంటారో. నా కళ్లు మీతో పంపుతున్నాను. తిరిగి తెచ్చి నాకివ్వండి."

"తెస్తాను, అమ్మాయిగారూ," అని మాట ఇచ్చాడు శాస్త్రి.

బండి పొలిమేర దాటాక ఆయనకు తట్టింది. తెచ్చింది ఇవ్వాల్సింది దర్బారులో. దర్బారులో చెల్లే మాట ఒక్కటే. తెగించి రెండో మాట ఎత్తితే మూడో మాట నోట్లో ఉండగానే పోలయ్య పోకకాయ పెట్టేస్తాడు. తను బుగ్గ ఉబ్బించుకుని నిలబడి ఉండగా తాంబూలాలు మారిపోతాయి. శాస్త్రి దారంతా ఎద్దుల వీపులు చూస్తూ కూర్చున్నాడు.

కొండవాగులో ఆయన చూడవలసినవి చూశాడు. తిరుగు ప్రయాణంలో బండిలో తోడుగా చెల్లాయమ్మ వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త ఆమె. భర్త ఆస్తి దాయాదుల పాలై, మేనల్లుడి పంచన ఉంటోంది. మంచి మాటకారి. బండి కదిలింది మొదలు ఆమె నోరు ఆగలేదు.

"అమ్మా," అన్నాడు శాస్త్రి, ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు. "మా దర్బారులో ఒక పద్ధతి ఉంది," అని శాసనం సంగతి చెప్పాడు.

చెల్లాయమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఇదెక్కడి చోద్యం శాస్త్రులుగారూ! పిల్ల ముక్కు సూదిగా ఉన్నా, మొద్దుగా ఉన్నా నైసేనా?"

"నైసే."

"నడక?"

"నైసే."

"మీ రాజుగారి మతి?"

"అదీ నైసేనమ్మా. పూర్వకాలపు అర్థంలో."

"నేను కాదని ఇంకోటి అంటే?"

"పోకకాయ."

"నా పళ్లు అంతంతమాత్రం నాయనా."

"అందుకే ముందు చెప్పడం," అన్నాడు శాస్త్రి.

దర్బారు రోజు వచ్చింది. రాజుగారు పొద్దున్నుంచీ హుషారుగా ఉన్నారు. గోడల సున్నం చూసి నైసు అన్నారు. మజ్జిగ తాగి నైసు అన్నారు. గజశాల అలికించారని చెబితే స్వయంగా వెళ్లి చూసి, నైసు అన్నారు. తరవాత వచ్చి గద్దె మీద కూర్చున్నారు. దీపం వెలిగించారు. తెర దించారు. తెర వెనక గాజుల చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది.

పేరిశాస్త్రి దీపం ముందు నిలబడ్డాడు.

"పెళ్లికొడుకు?" అన్నారు రాజుగారు.

"నైసు."

"ఇల్లు?"

"నైసు."

"ఏనుగులు?"

"నైసు." ఇది మాత్రం శాస్త్రి కాస్త ఉత్సాహంగా అన్నాడు.

"నోటిమాట, నడవడి?"

శాస్త్రి కాసేపు దీపం వంక చూశాడు. "నైసు, ప్రభూ."

రాజుగారు మీసం దువ్వారు. తెరవైపు తిరిగి, "విన్నావా అమ్మా? ఏమంటావు?" అన్నారు.

తెర వెనక ఉలుకూ లేదు, పలుకూ లేదు. గాజులు కూడా కదల్లేదు.

"చాలు," అన్నారు రాజుగారు. "మౌనం అంగీకారం."

పేరిశాస్త్రి చేతులు జోడించాడు. "ఏలినవారు సెలవిచ్చింది వేదవాక్కు. మౌనం అంగీకారం. పోలయ్యా, విన్నావుగా?"

"విన్నానండి," అన్నాడు పోలయ్య పళ్లెం సర్దుకుంటూ.

ఆచారం ప్రకారం ఇంక చెల్లాయమ్మ చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆమె పొద్దుటినుంచీ లోపల పిల్ల దగ్గరే ఉంది. తన మోకాలి నొప్పి సంగతి అడగకుండానే తెలుసుకుని ఆ పిల్ల పీట తెచ్చి వేసింది. ఈమె తలకు నూనె రాసి జడ వేసింది. దీపం ముందుకు వచ్చేసరికి చెల్లాయమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. పెదాలు రెండూ గట్టిగా నొక్కిపెట్టుకుని వచ్చింది.

రాజుగారు ముందుకు వంగారు. "అమ్మా, మా అమ్మాయిని చూశావా?"

"నైసు."

రాజుగారు ఆగారు. ఆమె కూడా ఆగింది.

"అంతేనా?"

"నైసు, మహాప్రభూ."

"కళ్లు చూశావా?"

"నైసు."

"పాట పాడించుకున్నావా?"

"నైసు."

"నీతో మాట్లాడిందా? ఏమైనా అడిగిందా? దాని తీరు నీకు..."

"నైసు, నైసు," అంది చెల్లాయమ్మ, చెంగుతో కళ్లొత్తుకుంటూ.

రాజుగారి మొహం మారింది. పేరిశాస్త్రి ఒక అడుగు ముందుకు వేసి వినయంగా అన్నాడు. "పొద్దున గజశాల అలికిన తీరు చూసి ప్రభువులు కూడా ఇదే మాట సెలవిచ్చారు."

"నా బిడ్డా గజశాలా ఒకటా!" రాజుగారు గద్దె మీంచి లేచారు. "ఏం చూశావమ్మా నువ్వు? అది చల్లని పిల్ల. వెన్నలాంటి మనసు. మొండిది, మహా మొండిది. తల్లి పోయిన రోజున నా ముందు కంటతడి పెట్టలేదు, నేను తట్టుకోలేనని. చిన్నప్పుడు బొద్దుగా ఉండి, నా మీసం పట్టుకుని వేలాడేది. గడుసుది. నేను తప్పు చెబితే దిద్దదు, నా అంతట నేను దిద్దుకునేదాకా ఊరుకుని చూస్తుంది. దాని నవ్వు సన్నగా మొదలై, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఇంత పిల్లను పట్టుకుని నైసా? ఇంత పిల్లకి ఒక్క మాటా?"

 దర్బారులో కిర్రుచెప్పుల చప్పుడు వినిపించింది. పోలయ్య వస్తున్నాడు. తిన్నగా వచ్చి గద్దె ముందు ఆగి పళ్లెం చాచాడు.

రాజుగారు పళ్లెం వంక చూశారు. పోలయ్య వంక చూశారు.

"రాజైనా సరే బంటైనా సరే అని ఏలినవారే సెలవిచ్చారండి," అన్నాడు పోలయ్య. "ఎన్ని మాటలు అన్నారో అన్ని పెట్టాలంటే పళ్లెంలో లేవు. ఒకటి పెట్టుకోండి."

గోవర్ధన బహద్దరు గారికి గర్వం ఉందిగాని మాట తప్పే గుణం లేదు. పోకకాయ తీసుకుని బుగ్గన పెట్టుకున్నారు. బుగ్గ ఉబ్బింది. నిలబడ్డారు.

పేరిశాస్త్రి ఎదురుగా వచ్చి వంగి దండం పెట్టాడు. "ప్రభూ, ఒక విన్నపం. ఈ నైసు శాసనాన్ని ఈ క్షణంనుంచి ఎత్తివేయమని కోరుతున్నాను. ఏలినవారికి సమ్మతమేనా?"

రాజుగారు కళ్లు పెద్దవి చేశారు.

"పోలయ్యా, ప్రభువులు ఏమీ అనడం లేదు. ఏమిటి దీనర్థం?"

"అంగీకారమండి," అన్నాడు పోలయ్య. "ఇందాకే సెలవిచ్చారు."

"అయితే శాసనం పోయింది," అన్నాడు శాస్త్రి, దీపం ముందుకు తిరిగి వెళ్లి. "ఇందాకటి నా నైసులు ఇప్పుడు విప్పుతాను. నైసు అన్నప్పుడు మొహం చూడాలని దుబాసీగారు చెప్పారు. నా మొహం చూసి ఉంటే ఏలినవారికి కొంత తెలిసేది. తెర వెనక ఉన్నవారికి మొహం కనబడదు. వాళ్లకు కళ్లు మన మాటలే.

"అమ్మాయిగారూ, అతను ఎర్రని ఛాయ, ఒత్తైన జుట్టు, చూడచక్కని మనిషి. పెద్దల ముందు గొంతు మెత్తన. పనివాళ్ల ముందు కరుకు. గుర్రం ముందు ఇంకా కరుకు. పాలు వేడిగా ఉన్నాయని పింగాణీ గిన్నె విసిరాడు. నవ్వుతాడు, ఎదుటివాడు జారిపడితే. విస్తరి ముందు కూర్చుంటే తన విస్తరి చూసుకోడు, పక్కవాడి విస్తరిలో ఏం పడిందో చూస్తాడు. మీ కళ్లు తెచ్చిచ్చాను."

"ఆ గిన్నె నా కాళ్ల దగ్గరే పగిలింది," అంది చెల్లాయమ్మ. అప్పటిదాకా నొక్కిపెట్టిన మాటలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. "నేను ఎత్తుకుని పెంచినవాడే. వాడికి మెత్తని మాట నేర్పలేకపోయాను. ఈ మాట అన్నందుకు రేపు నాకు ఆ ఇంట్లో ముద్ద పుట్టదు. అయినా ఈ పిల్లను చూశాక ఊరుకోలేను. ఆ ఇంటికి ఈ పిల్ల వద్దు బాబూ."

అందరూ తెరవైపు చూశారు. గాజులు కదిలాయి.

"ఊహూ," అంది నరసాయమ్మ.

ఆ సంస్థానంలో ఆ మాట వినిపించడం అదే మొదలు. రాజుగారు ఏమంటారోనని అందరూ చూశారు. ఆయన ఏమీ అనలేరు కదా. తెర వంకే చూస్తూ నిలబడ్డారు.

"నాన్నగారూ," అంది నరసాయమ్మ మళ్లీ. "ఇందాక చెప్పినవన్నీ నాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదేం?"

రాజుగారు తల దించుకున్నారు.

ఆ పిల్లే మళ్లీ అంది. "శాస్త్రిగారూ, పోకకాయ బుగ్గన పెట్టుకుని మా నాన్నగారు ఎలా ఉన్నారో నాకు ఇక్కడికి కనబడటం లేదు. మీరు చూసి చెప్పండి."

పేరిశాస్త్రి రాజుగారి దగ్గరికి నడిచాడు. ఎడమవైపునుంచి చూశాడు. కుడివైపునుంచి చూశాడు. ఉబ్బిన బుగ్గను, వంకరపోయిన మీసాన్ని, చెమటకు జారిన తలపాగాను సావధానంగా పరికించాడు. వెనక్కి వచ్చి దీపం ముందు నిలబడ్డాడు.

"నైసు, అమ్మాయిగారూ," అన్నాడు.

తెర వెనక సన్నగా ఒక నవ్వు మొదలైంది. అది పెద్దదైంది. ఇక ఆగలేదు. అది విని రాజుగారి భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, నోట్లోంచి పోకకాయ ఎగిరిపోయి దుబాసీగారి నిఘంటువు మీద పడి దొర్లింది. రాజుగారు గద్దె మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

తన భుజం మీది శాలువా తీసి శాస్త్రికి కప్పారు. చెల్లాయమ్మను ఇక కొండవాగు పంపేది లేదని, అమ్మాయి దగ్గరే పెద్దదిక్కుగా ఉంటుందని అన్నారు. తరవాత శాస్త్రి వైపు తిరిగి, "శాలువా మర్యాద కోసం. ఇది కాక ఏం కావాలో కోరుకో. ఏదైనా సరే," అన్నారు.

పేరిశాస్త్రి ఆలోచించాడు.

"మధ్యాహ్నం పులుసులో ఉప్పు, ప్రభూ."

"నాకూ అదే కావాలయ్యా!" అని రాజుగారు మళ్లీ నవ్వు అందుకున్నారు. ఆ రోజు పులుసు ఎలా ఉందని వంటవాడు అడిగితే రాజుగారు చెప్పడం మొదలుపెట్టారట, విస్తళ్లు ఎత్తేదాకా చెబుతూనే ఉన్నారట.

వకుళా, మా మేనత్త అంటే మీ నాయనమ్మే కదా, ఈ కథ ఆవిడ నోట నువ్వూ వినే ఉంటావు. పేర్లు ఒకసారి సరిచూడు. రాజుగారు గోవర్ధన బహద్దరో, ఇంకెవరో. ఊరు కొండవాగో, కొండమెట్టో. పెళ్లికొడుకు మేనత్తను నేను చెల్లాయమ్మ అన్నాను, బుల్లెమ్మ అయినా కావచ్చు. తప్పుంటే దిద్దేయ్. ఆ పిల్లకు వాళ్ల నాన్న చెప్పిన మాటలు మాత్రం ఒక్కటి కూడా మార్చకు. అవి నాకు బాగా గుర్తున్నాయి.